నలభై ఒకటో నంబర్ ఇంట్లో పాలు

ఇర్వింగ్ నుంచి నలభై నిమిషాలు హైవే మీద పోతే, స్టోరేజ్ షెడ్ల వెనకాల ఒక మొబైల్ హోమ్ పార్క్ ఉంటది. అందులో చిట్టచివరి ఇల్లు, నలభై ఒకటో నంబర్. దానికి మంచి పేరు లేదు.

పక్కింటికి పిజ్జా ఆర్డర్ వచ్చినా సరే, డెలివరీ వాళ్లు గేటు దగ్గరే పెట్టేసి, ఫోటో కొట్టి, వెళ్లిపోతారు. ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. కానీ కొన్ని రాత్రులు లోపల్నుంచి ఒక ఆడమనిషి గొంతు... ఎవర్నో నిద్ర లేపుతున్నట్టు. ఏ భాషో మాత్రం అక్కడెవరికీ అర్థం కాలేదట.

వేదక్క చెప్పింది చెప్పినట్టు చెప్తున్నా.

వేదక్క, వాళ్లాయన తేజేశ్వర్ ఈ గొంతు సంగతి తెలీకుండానే ఆ ఇల్లు చూడ్డానికి వెళ్లారు. ఫ్యాక్టరీలో తయారుచేసి, రెండు ముక్కలుగా ట్రక్కు మీద తెచ్చి అతికించే ఇల్లు అది. కింద నేల మనది కాదు, నెలనెలా అద్దె కట్టాలి. తేజేశ్వర్‌కి జాబ్ పోయి, ఇంకో జాబ్ వెతుక్కోడానికి వీసా ఇచ్చే అరవై రోజుల గడువు దగ్గరపడుతుంటే ఏదో కాంట్రాక్ట్ దొరికింది. క్రెడిట్ స్కోర్ అప్పటికే పడిపోయింది. మామూలు ఇంటికి ఏ బ్యాంకూ లోన్ ఇవ్వనంది. అపార్ట్‌మెంట్ లీజు ఆదివారంతో ఆఖరు. చేతిలో ఆరేళ్ల సేవింగ్స్, పద్దెనిమిది వేల డాలర్లు.

అమ్మేవాడి పేరు క్లింట్. బూట్లు, బెల్టు, మెత్తటి మాట.

"డిస్‌ప్లే మోడల్ ఇది. ఒక్క రాత్రి కూడా ఎవరూ పడుకోలేదు" అన్నాడు.

తొంభై రెండు వేలు చెప్పాడు. తేజేశ్వర్ డెబ్భై అయిదు దగ్గర మొదలుపెట్టాడు. క్లింట్ "మేనేజర్‌ని అడిగొస్తా" అని మూడుసార్లు లోపలి గదికి వెళ్లొచ్చాడు. అద్దంలోంచి వేదక్క చూస్తూనే ఉంది. లోపల మేనేజరూ లేడు, ఎవరూ లేరు. వాడొక్కడే నిలబడి కాఫీ తాగుతున్నాడు.

"తేజూ, వాడు గోడతో మాట్లాడొస్తున్నాడు" అని గొణిగింది.

"గోడ ఒప్పుకుంటే మనకెందుకే?"

గోడ ఎనభై ఒకటికి ఒప్పుకుంది. ఎనిమిదిన్నర పర్సెంట్ వడ్డీ. లోన్ వాయిదా, స్థలం అద్దె కలిపి నెలకి పన్నెండొందలు.

"అంతకి వంద పెరిగినా మన వల్ల కాదు. ఆర్నెల్లకే ఇల్లు లాగేసుకుంటారు, పద్దెనిమిది వేలూ పోతాయి" అన్నాడు తేజేశ్వర్. రాసిస్తావా అని అడిగితే, అప్రూవల్ నోటిమాటగా వచ్చింది, కాగితాలు శుక్రవారం పొద్దున తొమ్మిదికి అన్నాడు క్లింట్.

ఇక్కడే వచ్చింది చిక్కు. వేదక్క వాళ్లమ్మ ఏలూరులో అడిగించిన గృహప్రవేశం ముహూర్తం, అదే శుక్రవారం తెల్లవారుజామున మూడూ పద్దెనిమిదికి. అది దాటితే మళ్లీ రెండు నెలల దాకా లేదు.

పాల మాట ఎత్తకుండా, ఏదో పూజ అని మొహమాటపడుతూ, ఆ రాత్రికి తాళాలు అడిగారు. క్లింట్ డ్రాయర్ తీసి తాళాలు చేతిలో పెట్టాడు.

"మీ సెరిమనీ చేసుకోండి. పేపర్లదేముంది, పొద్దున చూసుకుందాం."

కారెక్కాక తేజేశ్వర్ అన్నాడు, "మంచోడే పాపం."

ఆ రాత్రి పార్కులో ఒక్క కుక్క కూడా మొరగలేదట. ఖాళీ ఇల్లు. అడుగేస్తే నేల డొల్లగా మోగుతోంది. దేవుడి పటం వంటింటి గట్టు మీద పెట్టారు. కొత్త గిన్నె, గ్యాలన్ పాలు, ఎలక్ట్రిక్ స్టవ్.

మూడూ పద్దెనిమిది.

పాలు పైకి లేచాయి... అంచు దాటాయి... ఎర్రటి కాయిల్ మీద చుయ్యిమని పడ్డాయి. వేదక్క దండం పెట్టుకుంది. మాడిన వాసన, పొగ.

అప్పుడు లోపలి బెడ్రూమ్ వైపు నుంచి—

"భవితా..."

ఇద్దరూ అటు తిరిగారు.

"భవితా... లే నాన్నా..."

ఆడగొంతు. తెలుగు. నీళ్లలోంచి వస్తున్నట్టు, మాట మాటకీ సాగుతూ...

"ఏమీ తీసుకోకు తల్లీ... బయటికి వచ్చెయ్... ఈ ఇంట్లోంచి... వచ్చెయ్..."

తేజేశ్వర్ ఫోన్ లైటు వేశాడు. వెలుగు గోడలంతా తిరుగుతోంది. గదిలో ఎవరూ లేరు. గొంతు మాత్రం వస్తోంది... పైనుంచి.

సీలింగ్‌కి తెల్లటి గుండ్రటి డబ్బా. స్మోక్ అలారమ్, పొగ తగిలితే మోగేది.

మునివేళ్ల మీద లేచి, చెయ్యి చాచి, పీకేశాడు. బీప్ శబ్దానికి పిల్లలు లేవరని, అమ్మల గొంతు రికార్డు చేసుకునే రకం అది. బ్యాటరీ అయిపోవచ్చి గొంతు సాగుతోంది. దుమ్ము పట్టి అప్పుడప్పుడూ దానంతటదే మోగుతుంది. వెనకాల మార్కర్‌తో, తెలుగులో: భవిత రూమ్.

తేజేశ్వర్ నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఎవరూ పడుకోలేదన్నాడే..."

ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. మనలాంటి వాళ్లే. ఒక పాప. ఇక్కడే పాలు పొంగించుకుని ఉంటారు. ఇల్లు మాత్రం మళ్లీ అమ్మకానికి వచ్చింది.

"పోదాం వేదా. సంతకం కాలేదు కదా."

వేదక్క స్టవ్ వైపే చూస్తోంది.

"పొంగాయి తేజూ... పాలు పొంగిన ఇల్లు వదిలేసి ఎక్కడికి పోతాం? అమ్మకేం చెప్పను?"

"ఆ గొంతు ఏమందో విన్నావుగా!"

"విన్నా" అంది. లేవలేదు.

తొమ్మిదికి ఆఫీసులో తేజేశ్వర్ ఆ అలారమ్‌ని టేబుల్ మీద ఠక్కున పెట్టాడు. క్లింట్ దాన్ని చూసి, పక్కకి జరిపి, కాగితాలు ముందుకు తోశాడు.

"సారీ బడ్డీ. బ్యాంక్ రేటు మార్చింది. పదమూడున్నర."

నెలకి పద్నాలుగు వందల పది.

తేజేశ్వర్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "అబద్ధం చెప్పావు. ఇందులో ఒక ఫ్యామిలీ ఉండి పోయింది. మాకొద్దు ఈ ఇల్లు. వేదా, పద."

క్లింట్ అతని మొహం కూడా చూడలేదు. కుర్చీ తిప్పుకుని వేదక్క వైపు వంగాడు. చాలా ప్రేమగా, మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ... తెలుగులో అడిగాడు.

"పాలు... పొంగాయా?"

వేదక్క తల, తన ప్రమేయం లేకుండానే, ఊగింది.

క్లింట్ పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చాడు.