డచెస్ కాలు ఆనలేదు

పదకొండు శవాలు. ఒక్కొక్కటీ నిమ్మకాయంత.

గురువారం ఉదయం 8:05. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఒడ్డున, గానెట్ కోవ్ సముద్ర పరిశోధన కేంద్రం. యూనివర్సిటీ పోలీసు డిటెక్టివ్ జోసెట్ పెల్కీ ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని తొట్టిలోకి వంగింది.

లంప్‌ఫిష్. బతికున్నప్పుడు పొట్ట కింద ఉన్న బిళ్లతో గాజుకి అతుక్కుని, బుగ్గలు పూరించి, మనుషుల్ని గుడ్లప్పగించి చూస్తాయట. ఇప్పుడు వెల్లకిలా తేలుతున్నాయి. నీళ్ల మీద నురగ. పైకి బ్లీచ్ వాసన, దాని అడుగున చేపల వాసన.

జోసెట్ తల్లి సార్డీన్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేపల తలలు కోసింది. పద్దెనిమిదో ఏట ఇల్లు దాటుతూనే జోసెట్ ఆ వాసనకి విడాకులిచ్చింది. అది మాత్రం ఇంకా కాపురానికి వస్తానంటూనే ఉంది.

"ఫోన్ చేసింది నేనే," అంది డాట్ బీల్. అరవై ఎనిమిదేళ్ల మనిషి, జోసెట్ తల్లికి పాత స్నేహితురాలు. ముప్పై ఏళ్లుగా ఈ నీళ్లగదిని చూసుకునేది ఆవిడే. "చేపలకి పోలీసులేంటని నవ్వుతారు. నవ్వనీ. ఇది హత్యేనమ్మా జోసీ."

"చేపలెవరివి?"

"ఆ పిల్లవి."

ఆ పిల్ల పేరు డాక్టర్ ఇలియానా ప్రాదో. మూలనున్న స్టూలు మీద, ఇస్త్రీ కోటులో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. సముద్ర జీవశాస్త్రంలో ప్రొఫెసర్ ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థి. పది గంటలకి ఆమె ఉపన్యాసం, ఆ చేపలతోనే.

ఈ ఉద్యోగాల ఎంపిక పెళ్లిచూపుల కంటే అన్యాయం. పెళ్లిచూపులు గంటలో తేలతాయి. ఇది రెండు రోజులు. ఫలహారానికి ఒకరు తోడు, భోజనానికి నలుగురు తోడు. ఏం చదివిందో ఉపన్యాసంలో చూస్తారు, ఎలా నములుతుందో భోజనంలో చూస్తారు. చివరికి నచ్చకపోతే "మాకు కలవదు" అని ఒక్క ముక్క.

"ఇది మీకెన్నో ఇంటర్వ్యూ?" అంది జోసెట్.

"తొమ్మిదోది. జూన్‌తో ఇప్పుడున్న టెంపరరీ ఉద్యోగం అయిపోతుంది. అంతే, ఇక లేదు." గొంతు వణకలేదు. అదే జోసెట్‌కి బాధనిపించింది. "ఈ చేపల్ని గుడ్ల నుంచి పెంచాను. మూడు తరాలు."

"బ్లీచ్ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నిన్న సాయంత్రం నేనే వాడాను. బయటి బకెట్లు బ్లీచ్‌తో కడగాలని ఇక్కడి రూలు. కడిగి, నాలుగుసార్లు మంచినీళ్లతో తొలిచాను. డాట్‌గారు చూశారు."

"చూశాను," అంది డాట్. "పొద్దున 5:30కి కూడా చూశాను. పదకొండూ గాజుకి అతుక్కుని నన్నే చూస్తున్నాయి. ఏడింటికి పంపు జల్లెడ కడగడానికి ఒడ్డుకి పోయాను. రోజూ పోయేదే. 7:40కి వచ్చేసరికి ఇదీ."

"తలుపు?"

"బకెట్ అడ్డం పెట్టి వదిలేస్తాను. రెండు చేతుల్లో సామాను, కార్డు ఎవడు గీకుతాడు? అందరికీ తెలుసు."

జోసెట్ తొట్టి పొడవునా నడిచింది. ఒకటే తొట్టి, మూడు అరలు. సముద్రపు నీళ్లు చేపలున్న మొదటి అరలో పడి, రెండోదాంట్లోకి పొర్లి, మూడోదాంట్లోంచి బయటికి పోతాయి. మొదట్లో బ్లీచ్ పోస్తే చివరి దాకా చావే.

రెండో అరలో నలభై పీతలు. అన్నీ కాళ్లు పైకి. ఆ అర పక్కన నేల మీద ఒక కుర్రప్రొఫెసర్ కూలబడి, చెత్తబుట్టలోకి కక్కుతున్నాడు.

"గారెట్ లంట్," అంది డాట్ మెల్లగా. "ఇక్కడే టెంపరరీగా పాఠాలు చెబుతాడు. ఇదే ఉద్యోగానికి పోయిన వారం ఇతన్నీ చూశారు."

పోటీదారు! జోసెట్ నోట్‌బుక్ తీసింది.

"పొద్దున ఇక్కడికొచ్చారా?"

"6:40కి. పీతలకి మేత వేసి 6:55కి వెళ్లాను. కార్డు లాగ్‌లో ఉంటుంది." మూతి తుడుచుకున్నాడు. "రెండేళ్ల పని మేడమ్. దీని మీదే నా పుస్తకమంతా. ఉద్యోగం కోసం నా పీతల్ని నేనే చంపుకుంటానా?"

మూడో అర మీద ప్లైవుడ్ మూత. దాని మీద ఎర్ర అక్షరాలు: థాక్స్‌టర్. ముట్టుకోవద్దు.

"ముప్పై ఏళ్లలో నేనే ముట్టుకోలేదు," అంది డాట్.

జోసెట్ మూత ఎత్తింది. లోపల బ్లీచ్ నీళ్లు. జంతువేదీ లేదు. గోడకి మాత్రం తెల్లటి మాంసపు తునకలు నాలుగైదు, పెనానికంటిన మాడు అట్టులా అతుక్కుని ఉన్నాయి. చూసి మొహం చిట్లించి మూత వేసేసింది.

8:35. మేడ మీద ప్రొఫెసర్ విన్‌స్లో థాక్స్‌టర్ ఆఫీసు. ఎంపిక కమిటీకి పెద్ద ఆయనే. అరవై ఒక్కేళ్లు, వెండి గడ్డం, గొంతులో తేనె.

"పాపం, తెలివైన అమ్మాయి," అన్నాడు. "కానీ బకెట్ తొలవడం రాని మనిషికి ప్రయోగశాల ఎలా అప్పగిస్తాం చెప్పండి? నిన్నటిదాకా కమిటీలో నలుగురు ఆమె వైపే. ఇప్పుడిక మాకు కలవదు."

కలవదు. చెవిలో చెదపురుగు దూరినట్టయింది జోసెట్‌కి.

"నిన్న రాత్రి భోజనం ఎలా జరిగింది?"

"చక్కగా."

"ప్రాదో ఇందాక చెప్పారు. మీ పాత పరిశోధన గురించి ఏదో అడిగారట?"

ఆయన చెయ్యి గడ్డం మీద ఆగింది. "అసలు లెక్కల పట్టీలు చూపిస్తారా అంది. తాను అదే ప్రయోగం చేస్తే వేరే ఫలితం వచ్చిందట. కుర్రతనం. వచ్చే ఏడు ఇక్కడే ఉంటుందిగా, తాపీగా కూర్చుని చూద్దామంది."

"ఈ ఉదయం మీరెక్కడున్నారు?"

"7:30కి ఆమెతోనే హోటల్లో ఫలహారం. రోడ్డు మీద మంచు, పావుగంట ఆలస్యమైంది. నీళ్లగదిలోకి నేను సోమవారం నుంచి అడుగే పెట్టలేదు."

"మీ అర ఖాళీగా ఉంది."

"ఓ, డచెస్సా!" ఆయన మొహం తల్లి మొహమైపోయింది. కిటికీ పక్కనున్న చిన్న గాజుతొట్టి చూపించాడు. "ఎనిమోన్. మీ భాషలో సముద్రపు పువ్వు. పువ్వు కాదు, జంతువే. ఇరవై రెండేళ్లుగా నా దగ్గరుంది. సోమవారం పైకి తెచ్చుకున్నాను. అదృష్టం కాకపోతే ఏంటి?"

తొట్టిలో ఉన్నది పువ్వులా లేదు. తడిసి ముడుచుకున్న మేజోడులా ఉంది. చిన్న పంపు నీళ్లు చిమ్మినప్పుడల్లా అటు దొర్లి, ఇటు దొర్లుతోంది.

"కొత్తవాళ్లంటే సిగ్గు," అన్నాడాయన.

జోసెట్ నోట్‌బుక్ మూసి లేచింది. కిందికి దిగేటప్పుడు మూడో మెట్టు మీద ఆగిపోయింది. మేజోడు. మాడు అట్టు. రెండూ కలిపి చూసుకుంది.

"డాట్ పిన్నీ, ఎనిమోన్‌ని ఒకచోట్నుంచి ఇంకోచోటికి మారిస్తే ఏమవుతుంది?"

"మర్యాదగా కదలదమ్మా. కాలు రాతికి పట్టేసి ఉంటుంది. గోరుతో అంచు లేపుతూ, అరగంట బతిమాలాలి. తొందరపడి లాగితే కాలు చిరిగి ముక్కలు అక్కడే ఉండిపోతాయి."

"కొత్తచోట మళ్లీ పట్టుకోవడానికి?"

"ఒక పూటైనా పడుతుంది. మూడు రోజులైతే చాకుతో గీకినా రాదు."

9:20. థాక్స్‌టర్ ఆఫీసులో ఐదుగురు. ప్రాదో, లంట్, డాట్, థాక్స్‌టర్, జోసెట్. గుమ్మంలో డీన్ కార్నీలియా హాస్కెల్, వాచీ చూసుకుంటూ.

"డిటెక్టివ్‌గారూ, చేపలు పోయాయి. విచారం. దీన్ని ప్రమాదమని రాసేసుకుంటే..." అంది డీన్.

"ఒక్క నిమిషం." జోసెట్ చొక్కా చెయ్యి పైకి మడిచింది. జీవితంలో చెయ్యనని ఒట్టేసుకున్న పని చేసింది. నీళ్లలో చెయ్యి పెట్టి డచెస్‌ని వేలితో తోసింది. చీమిడిలా జారి, బంతిలా దొర్లింది.

"ప్రొఫెసర్‌గారూ, సోమవారం తెచ్చారన్నారు. ఇవాళ గురువారం. దీని కాలు ఇంకా ఆనలేదేం?"

థాక్స్‌టర్ తొట్టికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"చిరిగిన కాలు ముక్కలు కింద మీ అరలో ఉన్నాయి. డాట్ పిన్ని ఏడింటికి ఒడ్డుకి వెళ్లింది. తలుపుకి బకెట్ అడ్డం. 7:20కల్లా బయటపడకపోతే ఫలహారానికి అందుకోలేరు. అరగంట బతిమాలే తీరిక లేదు. అందుకే లాగేశారు. దీన్ని భద్రంగా పైకి చేర్చి, ఆ తర్వాత బ్లీచ్ పోశారు. ప్రాదో ఇక్కడ చేరితే మీ పాత లెక్కల గుట్టు బయటపడుతుందని. ఆ తొట్టిలో బ్లీచ్ పడబోతోందని ముందే తెలిసిన జంతువు ఇదొక్కటే."



మొదట లేచింది లంట్. "మూడో అరలోది తీశారు. రెండో అర దాన్ని ఆనుకునే ఉంది సార్." గొంతు కీచుగా అయిపోయింది. "ఈ ఉద్యోగం నాకే ఇప్పిస్తానన్నారు. మీ వ్యాసాలన్నీ నాచేత రాయించుకున్నారు. నా పీతలు గుర్తే రాలేదా?"

"పీతలదేముందయ్యా!" అన్నాడు థాక్స్‌టర్ విసుగ్గా. "మళ్లీ పట్టుకోవచ్చు. డచెస్ లాంటిది ఇంకోటి దొరుకుతుందా?"

అనేశాక గానీ, ఏమన్నాడో ఆయనకి తెలియలేదు.

 డాట్ ముప్పై ఏళ్లుగా తాను కడిగిపెడుతున్న ఆయన కాఫీ కప్పు తీసుకుని చెత్తబుట్టలో వేసింది.

జోసెట్ ఆయన్ని కిందికి తీసుకెళ్లి కానిస్టేబుల్‌కి అప్పగించి వచ్చేసరికి డీన్ ప్రాదో చెవి దగ్గరుంది. "ఉద్యోగం మీదే అనుకోండి. ఈ సంగతి మాత్రం మన నాలుగు గోడల మధ్య..."

వాంతి తుడిచిన గుడ్డతోనే బల్ల తుడవడం అంటే ఇదీ అనుకుంది జోసెట్.

"ఉద్యోగం సంగతి కమిటీ చూసుకుంటుంది," అంది ప్రాదో. "ఈ రంగంలో ఉన్నది గుప్పెడు మంది. మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసిపోతుంది, తన చేపల్ని తనే చంపుకుందని. చంపింది నేను కాదని మీ సంతకంతో కాగితం ఇవ్వండి. పది లోపల."

డీన్ జోసెట్ వైపు చూసింది. జోసెట్ నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, పెన్ను క్యాప్ తీసింది. డీన్ కాగితం రాసి సంతకం పెట్టింది. 9:48.

పది గంటలకి ప్రాదో పదకొండు చేపల్నీ తెల్ల ట్రేలో పెట్టుకుని హాల్లోకి వెళ్లింది. ముందు ఆ కాగితం చదివింది. తర్వాత ఉపన్యాసం చెప్పింది. చివరి వరుసలో కూర్చున్న లంట్ అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. వారం తర్వాత కమిటీ ఓటు: నాలుగింట నాలుగు.

ఆ గురువారం సాయంత్రమే నీళ్లగదిలో జోసెట్ చేతులు మూడోసారి సబ్బుతో కడుక్కుంటోంది. కడిగిన తొట్టిలో డచెస్ కాలు ఆనించి, పూర్తిగా విచ్చుకుంది. నిజంగానే అందంగా ఉంది. అదింకా ఒళ్లుమంట.

ప్రాదో దానికి రొయ్య ముక్క అందించింది. "దీని తప్పేముంది?"

"అది మింగింది సరే," అంది జోసెట్. "విసర్జించేదెక్కడ్నుంచి?"

"అక్కణ్ణుంచేనమ్మా," అంది డాట్. "దానికి ఉన్నది ఒకటే దారి. తినేదీ, కక్కేదీ, మిగతాదీ అన్నీ నోటితోనే."

జోసెట్ తువ్వాలు వెతుక్కుంటూ ఆగింది.

"ఇరవై రెండేళ్లు పెంచాడుగా. పోలికలు రాకుండా ఎక్కడికి పోతాయి?"