టీచరమ్మ తెచ్చిన మూట

“బొంత కుట్టాలి వదినగారూ... మీరే కుట్టాలి. ఇంకెవరి చేతికీ ఇవ్వకండి!”

గుమ్మంలో నిలబడే ఆ మాట అంది బొంతలమ్మ వియ్యపురాలు. ఆమె చంకలో పెద్ద బట్టల మూట. కూతురు పిట్టకు పెళ్లయిన ఈ మూడేళ్లలో ఆ మనిషి ఈ గడప తొక్కడం ఇది రెండోసారి. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడను అందరూ టీచరమ్మ అనే పిలిచేవారు. నవ్వితే ఎక్కడ ఓ మార్కు ఎక్కువ వేయాల్సొస్తుందో అన్నట్టుండే ముఖం ఆవిడది. ఈరోజు ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు!

“లోపలికి రండి వదినగారూ. మా పిట్ట ఎలా ఉంది?” అని ఆత్రంగా అడిగింది బొంతలమ్మ.

టీచరమ్మ మూట కింద పెట్టింది. “కత్తెర వేసేముందు అన్నీ తిరగేసి చూడండి. ఒక్కొక్కటీ... లోపలి వైపు” అని, మంచినీళ్లయినా ముట్టకుండా వెనుదిరిగి చరచరా వెళ్లిపోయింది. వీధి మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూసి, మళ్లీ నడిచింది.

పాత బట్టలతో బొంతలు కుట్టడం ఆమెకు ఇరవై ఏళ్లుగా అన్నం పెడుతున్న పని. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, గోడవారన బుట్టల్లో రంగురంగుల ముక్కలు, డబ్బాల్లో కోసి తీసిన గుండీలు. చొక్కా కాలరు చూసి, వేసుకున్నవాడు ఏ చేత్తో మెడ తుడుచుకుంటాడో చెప్పేది. మోకాలి దగ్గర నలిగిన గుడ్డ చూసి, ఆ ఇంట్లో నేల తుడిచేదెవరో చెప్పేది. “నీ దగ్గరికి బట్టలు తేవాలంటే భయమే తల్లీ, మా గుట్టంతా బయటపెట్టేస్తావు!” అని ఇరుగుపొరుగు వేళాకోళమాడేవారు.

మూట ముడి విప్పింది. పైన కనబడింది నీలం గౌను. ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి... అది పిట్ట గౌను! పెళ్లికి ముందు తనే కుట్టిచ్చింది. దాని కింద ఆకుపచ్చ చొక్కా, ఆ కింద పువ్వుల లంగా, ఆఫీసుకు వేసుకెళ్లే తెల్ల చొక్కాలు... అన్నీ పిట్టవే! ఒక్క పాత బట్ట లేదు, ఒక్క చిరుగు లేదు. బతికున్న పిల్ల బట్టలన్నీ మూటగట్టి ఎవరైనా బొంతకిస్తారా? గబగబా ఫోను తీసింది.

“బాగానే ఉన్నానమ్మా... ఆఫీసులో పనెక్కువ. తర్వాత మాట్లాడతా” అంది కూతురు. నాలుగు నెలలుగా అదే మాట! రమ్మంటే పని. వస్తానంటే, “ఇప్పుడొద్దమ్మా.” గలగలా వాగుతుందనే కదా దానికి పిట్ట అని పేరు పెట్టారు, ఇప్పుడు నాలుగు ముక్కలు మాట్లాడేసరికే ఆయాసం...

నీలం గౌను తిరగేసింది. నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేశారు. ఒకసారి కాదు, రెండుసార్లు. చివరికి పక్కన వేరే గుడ్డ కూడా అతికారు. బొంతలమ్మ కళ్లు మెరిశాయి. “ఓసి నా పిచ్చి మొద్దూ! కడుపుతో ఉండి అమ్మకు చెప్పవా!” అని ఒంటరిగా ఆ గదిలో నవ్వేసింది. అందుకా టీచరమ్మ ఈ నాటకమంతా! ఆ సంతోషం ఎంతసేపు ఉంది కనుక... భుజాల దగ్గరకు వచ్చేసరికి ఆ నవ్వు పెదవుల మీదే ఆరిపోయింది. భుజాల దగ్గర బిగించారు. వేలెడు లోపలికి ఒక వరస, దానికి వేలెడు లోపల మరో వరస, ఇంకా లోపల మరో వరస... కడుపు పెరుగుతూ భుజాలు కరిగిపోతాయా? కడుపుతో ఉన్న ఏ పిల్లకు అలా అవుతుంది! మొదటి వరసలు కూతురి చేతివే, చీమల బారులాంటి సన్నటి కుట్లు. చివరి వరస మాత్రం కూతురిది కాదు. సూది పట్టడం రాని చేయి ఎవరిదో వంకరటింకరగా కుట్టింది.

అన్నిటికన్నా అడుగున ఒక మెత్తటి నైటీ ఉంది. దాని ఎడమ చేతి కుట్టు భుజం నుంచి మోచేతి దాకా విప్పి, అంచులు మడిచి, వరసగా టిచ్ బటన్లు కుట్టారు.

బొంతలమ్మ చేతిలోంచి నైటీ జారిపోయింది...

అలా విప్పి కుట్టిన చేతిని ఆమె ఎరుగును! బట్ట విప్పకుండా సూది గుచ్చడానికి, సెలైను పెట్టడానికి వీలుగా అలా కుట్టేది తనే. ఎనిమిదేళ్లు మంచాన పడ్డ భర్త చొక్కాలన్నీ అలాగే కుట్టింది. పక్కన కూర్చుని బటన్లు అందించింది చిన్నారి పిట్ట...

తలుపుకు తాళం వేశానా లేదా అని కూడా చూసుకోలేదు. మూట గుండెకు హత్తుకుని బస్సెక్కింది. రెండు గంటల ప్రయాణం. పక్క సీటామె “ఎవరికమ్మా బట్టలు?” అని అడిగితే కిటికీ వైపు తిరిగింది.

తలుపు తీసింది టీచరమ్మే. ఆవిడను చూడగానే బొంతలమ్మ ఆవేశం కట్టలు తెంచుకుంది.

“నా బిడ్డను ఏం చేశారు! నాలుగు నెలలు నాకు కనబడకుండా దాచి, ఇప్పుడు బట్టలు మూటగట్టి పంపిస్తారా! దాని ఒంట్లో ఊపిరి ఉండగానే... మీరు మనుషులేనా వదినా!”

టీచరమ్మ తల దించుకుని నిలబడింది. లోపలి గదిలోంచి సన్నగా వినబడింది... “అమ్మా?”

మంచం మీద పిట్ట కూర్చుని ఉంది. కూర్చుని ఉందా, ఆనించి పెట్టారా తెలియనట్టు! కళ్లు లోపలికి పోయాయి, మెడ ఎముకలు పైకి తేలాయి, దుప్పటి కింద పొట్ట మాత్రం ఎత్తుగా... పొట్టలో గడ్డ. నాలుగు నెలల కిందట తెలిసింది. ఈ వారంలోగా ఆపరేషను చేయకపోతే చేయి దాటిపోతుందని డాక్టర్లు చెప్పేశారు. పిల్ల ససేమిరా ఒప్పుకోవడం లేదు!

“అత్తయ్యా! అమ్మకు చెప్పనని ఒట్టేశారు కదా!” అని నీరసంగానే అరిచింది పిట్ట.

“ఒట్టు తప్పలేదు” అంది టీచరమ్మ. “మీ అమ్మతో ఒక్క మాట చెప్పానేమో అడుగు. బొంత కుట్టమని బట్టలిచ్చాను, అంతే. ఆవిడ చదువుకుంటే నాదా తప్పు?” ఆ గొంతు సగంలోనే విరిగిపోయింది. “ఇంకేం చేయను తల్లీ... లారీ తోలడం మానుకొచ్చి నీ మొగుడు కాళ్లు పట్టుకున్నాడు, నేను చేతులు పట్టుకున్నాను. నువ్వు వినలేదు. మీ అమ్మ మాటైనా వింటావని...”

“ఎందుకు దాచావే? ఎందుకే?” కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది తల్లి.

పిట్ట గోడవైపు చూస్తూ అంది. “నాన్న పోయినరోజు... పక్కింటి పిన్నితో అన్నావు. ఇంకో మంచం పక్కన కుర్చీలో కూర్చోవాల్సొస్తే ముందు నేనే పోతాను అన్నావు. తలుపు వెనకే ఉన్నానమ్మా. ఆపరేషనంటే నీకు తెలియకుండా ఎలా జరుగుతుంది? నిన్ను మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టలేక...”

బొంతలమ్మ నెత్తిన పిడుగు పడినట్టయింది! ఎప్పుడో అలసిపోయి అన్న మాట... అన్న సంగతే తనకు గుర్తులేదు. ఆ మాటను ఈ పిల్ల ఇన్నేళ్లు మోసిందా! ప్రాణం మీదికి తెచ్చుకునేంతగా!

“అన్నానే తల్లీ! అన్నాను! ఎనిమిదేళ్లు నిద్రలేని ముండ నోటి మాటను పట్టుకుంటావా? నువ్వు లేకపోతే నేను ఏ కుర్చీలో కూర్చోవాలే! ఎవరికోసం లేవాలే!” అంటూ కూతురి ఒళ్లో తల పెట్టి బావురుమంది. “సంతకం పెట్టు పిట్టా... నీ కాళ్లు పట్టుకుంటాను, పెట్టవే...”

పిట్ట కళ్లలోంచి నీళ్లు జారాయి కానీ నోట శబ్దం రాలేదు. పెదవి కొరుక్కుని తల ఊపింది.

టీచరమ్మ కాగితాలు తేవడానికి లేచింది. ఆవిడ చేయి చాచినప్పుడు చూసింది బొంతలమ్మ. వేళ్ల కొసలన్నీ సూది పోట్లు. బొటనవేలు వాచి గుడ్డ కట్టి ఉంది. ఆ వంకర కుట్లు ఎవరివో అప్పుడర్థమైంది. కోడలి చేతులు వణకడం మొదలయ్యాక, జన్మలో సూది పట్టని మనిషి సూది పట్టింది. నాలుగు నెలలు ఒళ్లు తుడిచింది, ఎత్తి కూర్చోబెట్టింది, ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయింది... అలాంటి మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఎన్ని మాటలంది!

“వదినా, నన్ను క్షమించండి...” చేతులు జోడించబోయింది.

“ఊరుకోండి. ఆ మాత్రం తిట్టకపోతే మీరేం తల్లి?” అంది టీచరమ్మ ఆ చేతులు పట్టుకుని ఆపి. “ఎవరైనా తిడితే బాగుండునని నాలుగు నెలల నుంచీ ఉంది నాకు.”

మూడో రోజు పొద్దున్న ఆపరేషను జరిగింది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద అల్లుడు తల పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి చేయి ఒకరు వదల్లేదు. ఆరు గంటల తర్వాత తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికి వచ్చాడు.

“ప్రాణానికి ఇప్పటికి భయం లేదమ్మా. గడ్డ తీసేశాం. కానీ కొంత వేళ్లూనుకుపోయింది, అది కత్తికి అందదు. మందులు వాడాలి. ఎన్నాళ్లంటే చెప్పలేను. ఇంకో సంగతి... గర్భసంచి కూడా తీసేయాల్సొచ్చింది, ఇక ఆమెకు పిల్లలు పుట్టే అవకాశం లేదు.”

అల్లుడు గోడవైపు తిరిగాడు. “ఇప్పుడే చెప్పకండత్తయ్యా... కాస్త కోలుకున్నాక...” అని గొణిగాడు. టీచరమ్మ వియ్యపురాలి వైపు చూసింది. బొంతలమ్మ అడ్డంగా తల ఊపింది. దాచుకున్నది చాలు ఈ కుటుంబంలో!

రెండు రోజులకు పిట్ట పూర్తిగా కళ్లు తెరిచి, “డాక్టరు ఏమన్నాడమ్మా?” అని అడిగింది. బొంతలమ్మ మంచం పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కూతురి చేయి తన చేతిలోకి తీసుకుని, డాక్టరు చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క మింగకుండా చెప్పింది.

పిట్ట అంతా వింది. పైకప్పు వైపు చూసింది. పెదవులు బిగించింది... అవి నిలవలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి, నోరు తెరిచి, పసిపిల్లలా గట్టిగా ఏడ్చింది! నర్సు పరుగెత్తుకొచ్చింది. పక్క మంచాల వాళ్లు తలలెత్తి చూశారు. మంచానికి ఆ పక్కనొకరు, ఈ పక్కనొకరు కూర్చున్న ఇద్దరు తల్లుల్లో ఏ ఒక్కరూ... ఊరుకోమ్మా అనలేదు.