తూచని సిలిండర్

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి బేకరీ వెనక గదిలో పిండి కలిపే యంత్రం అంటుకుంది. ఆరు నిమిషాల్లో మంట ఆరింది. యజమాని కూతురికి కుడి అరచేయి కాలింది. గోడకున్న మంటలార్పే సిలిండర్ పనిచేయలేదు.

ఆ సిలిండర్‌కి వేలాడే చీటీలో చివరి తనిఖీ మూడు వారాల కిందటిది. బరువు ఆరు కిలోల ఆరు వందల గ్రాములు అని రాసి ఉంది. కింద సంతకం, నెలకోసారి వచ్చి సిలిండర్లు చూసి వెళ్ళే మెకానిక్‌ది.

అతను మొదటిసారి ఆ బేకరీకి వచ్చింది అంతకు ఎనిమిది నెలల ముందు. అప్పుడు సిలిండర్ గోడకి లేదు. వెనక తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టి ఉంది.

"ఇదిక్కడ ఎవరు పెట్టారండీ?"

"నేనే. గాలికి తలుపు కొట్టుకుంటోంది." యజమాని కూతురు తలెత్తలేదు. మోచేతుల దాకా పిండి.

"రాయి పెట్టుకోవచ్చు కదా."

"రాయి ఎవరిస్తారు? సిలిండరైతే మీ కంపెనీ వాళ్ళే తెచ్చిచ్చారు."

అతను సిలిండర్ తీసి గోడకున్న కొక్కేనికి తగిలించాడు. తలుపు ధడాలున మూసుకుంది.

"చూశారా?" అంది.

"మంటకి మూడు కావాలండీ. కాలే వస్తువు, వేడి, గాలి. ఒక్కటి తీసేసినా ఆరిపోతుంది. ఇందులో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. మంట చుట్టూ ఉన్న గాలిని పక్కకి నెట్టేస్తుంది."

"మా నాన్న కోపానికి ఏది తీసేయాలి?"

ముందు గదిలో బ్రెడ్ కోస్తున్న తండ్రి గట్టిగా దగ్గాడు.

"నీళ్ళు పోస్తే పోలా? ఇంత సరంజామా ఎందుకు?" అంది ఆమె.

"యంత్రంలో కరెంటుంటుంది. నీళ్ళ వెంట మీ దాకా వస్తుంది. ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. కరెంటు ఆగాక అది మామూలు మంటే. అప్పుడు నీళ్ళు పోసినా పర్లేదు."

"సరే. ఇందులో గ్యాస్ ఉందని నమ్మకమేంటి? హోటల్లో చూశాను, దానికి గ్యాస్ ఎంతుందో చూపించే ముల్లుంది. దీనికి లేదే?"

"ఇందులో గ్యాస్ ఒత్తిడికి నీరులా మారి ఉంటుంది. సగం కారిపోయినా లోపలి ఒత్తిడి మారదు. ముల్లు పెట్టినా లాభం లేదు. తూచాల్సిందే."

సంచిలోంచి వేలాడే కాటా తీశాడు. సిలిండర్ మెడ మీద ఖాళీ బరువు గుద్ది ఉంది: నాలుగు కిలోల ఆరు వందలు. కాటా ఆరు కిలోల ఆరు వందలు చూపించింది.

"తేడా రెండు కిలోలు. అదే గ్యాస్."

"అంటే చూస్తే తెలీదు, ఎత్తి చూస్తేనే తెలుస్తుంది. కొందరు మనుషుల్లాగ."

"ఎవరిలాగండీ?"

"మీ పని చూసుకోండి."

అప్పటి నుంచి తండ్రి అతన్ని సిలిండర్ అనే పిలిచాడు. "అమ్మాయ్, నీ సిలిండర్ వచ్చాడు" అనేవాడు. 'నీ' అన్న మాట ఇద్దరికీ వినిపించేది. ఇద్దరూ కాదనలేదు. మిగతా దుకాణాల్లో అతని తనిఖీ పది నిమిషాలు. బేకరీలో గంట.

మంటకి మూడు వారాల ముందు మంగళవారం వాన పడింది. బేకరీ కాటా పాడైంది.

"మీ కాటా ఒకసారి ఇస్తారా? పిండి తూచుకోవాలి."

"ఇది సిలిండర్ల కాటా అండీ."

"పిండికి ఆ సంగతి తెలీదులెండి."

ఇచ్చాడు. ఆమె పిండి సంచులు ఒక్కొక్కటే తగిలించి తూచింది. అతను స్టూలు మీద కూర్చుని చూశాడు. పన్నెండయింది. ఇంకో మూడు దుకాణాలున్నాయి. కాటా ఇమ్మని అడగలేదు. చీటీలో పోయిన నెల బరువు చూసి, కింద అదే రాసి సంతకం పెట్టాడు. రేపొచ్చి తూచవచ్చనుకున్నాడు.

మర్నాడు వచ్చాడు. చూరు కింద నిలబడి ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. కాటా తీసుకెళ్ళాడు. సిలిండర్ తూచలేదు.

మంట రేగింది మోటారు వైరు దగ్గర. పక్కనున్న ఖాళీ సంచులు అంటుకున్నాయి. ఆమె సిలిండర్ పిన్ను లాగి నొక్కింది. ఒక్క ఊపిరి సేపు బుస్సుమని ఆగిపోయింది. దాన్ని కింద పడేసి మెయిన్ దగ్గరికి పరిగెత్తింది. మెయిన్ ఇనుప పిడి సంచుల పక్కనే ఉంది. అప్పటికే కాలుతోంది. పట్టుకుని కిందికి లాగింది. తర్వాత రెండు బకెట్ల నీళ్ళు పోసింది. మూడోది తండ్రి తెచ్చాడు.

గురువారం పదకొండు గంటలకి అగ్నిమాపక అధికారి వచ్చి బేకరీ ముందు గదిలో కూర్చున్నాడు. ఎదురుగా తండ్రి, కట్టు కట్టిన చేత్తో కూతురు, మెకానిక్.

"వాల్వు దగ్గర లీకుంది. ఎప్పటినుంచో చెప్పలేం" అన్నాడు అధికారి. "తనిఖీ నాడు బరువు సరిగ్గా ఉంటే మెకానిక్ తప్పు లేనట్టే. ఏమయ్యా, ఆ రోజు తూచావా?"

అతను నోరు తెరిచేలోగా ఆమె అంది. "తూచారు సార్. నేను చూశాను."

అధికారి రాసుకోబోయాడు.

"తూచలేదు సార్" అన్నాడు అతను.

కలం ఆగింది. "చూశానంటోంది కదయ్యా ఆ అమ్మాయి?"

"నన్ను కాపాడాలని అంటోంది సార్. కాటా ఆవిడ దగ్గరుంది. పాత బరువే మళ్ళీ రాశాను."

"అడిగి తీసుకోలేకపోయావా?"

"తీసుకుంటే మర్నాడు రావడానికి వంక ఉండదు సార్."

తండ్రి కుర్చీలో కదిలాడు.

"వచ్చి ఏం చేస్తావు?" అన్నాడు అధికారి.

"ఆవిణ్ణి చూస్తాను."

అధికారి కళ్ళజోడు తీశాడు. "ఇది కూడా రాయమంటావా?"

"జరిగింది అదే సార్. రాయండి."

అధికారి రాశాడు, చదివి వినిపించాడు. అతను మూడు కాపీల మీద సంతకం పెట్టాడు. అతని తనిఖీ లైసెన్సు ఆరు నెలలు రద్దయింది.

బయట వాన. ఆమె చూరు కిందికి వచ్చింది.

"నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చేశావు." నువ్వు అనడం అదే మొదలు.

"నీ చెయ్యి..."

"చెయ్యి మానుతుంది. నువ్వు తలూపి ఉంటే లైసెన్సు మిగిలేది."

"ఊపితే ఇక ఏ చీటీ మీద సంతకం పెట్టినా నీ చెయ్యే కనపడేది."

ఆమె కట్టున్న చేతిని వెనక్కి పెట్టుకుంది.

"నాతో అనాల్సిన మాట ఆఫీసరుతో అంటావా? దానికి మూడు కాపీలు కూడానా?"

"ఇప్పుడు అననా?"

"ఇప్పుడొద్దు. లైసెన్సు వచ్చాక రా. కాటా తెచ్చుకో."

ఆ ఆరు నెలలు అతను కంపెనీ షెడ్డులో ఖాళీ సిలిండర్లు కడిగాడు. నాలుగో నెలలో తండ్రి షెడ్డుకి వచ్చాడు.

"నా కూతురి చెయ్యి కాలింది నీ వల్ల."

"అవునండీ."

"నా ఎదుట అది అబద్ధమాడటం నేనెప్పుడూ చూడలేదు. నీకోసం ఆడింది."

అతను కడుగుతున్న సిలిండర్ కింద పెట్టాడు.

"నువ్వు దాని చాటున దాక్కోలేదు. అది చెప్పి పోదామని వచ్చాను." చేతిలోని బ్రెడ్ పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

లైసెన్సు తిరిగి వచ్చిన మర్నాడు, మంగళవారం ఉదయం పదిన్నరకి, అతను బేకరీకి వెళ్ళాడు. వెనక తలుపుకి రాయి అడ్డంగా ఉంది. బాగుచేసి నింపిన సిలిండర్ గోడకి ఉంది.

"ఏదో అంటానన్నావు" అంది ఆమె.

"ముందు బరువు చూడనీ."

"అదీ మాట."

కాటా ఆమె పట్టుకుంది. అరచేతి మీద మచ్చ ఉంది. అతను సిలిండర్ తగిలించాడు. ఇద్దరూ వంగి చదివారు. తర్వాత అతను అనాల్సిన మాట అన్నాడు. ఆమె సరేనంది.

"అల్లుడూ, టీ చల్లారిపోతోంది" అని ముందు గదిలోంచి తండ్రి కేకేశాడు.

చీటీలో ఆ రోజు తేదీ ఉంది. బరువు ఆరు కిలోల ఐదు వందల తొంభై గ్రాములు. కింద రెండు సంతకాలున్నాయి.