ఒంటిచేత్తో చెప్పిన పేరు

ఇన్‌ఫార్మర్ బాక్స్‌టర్ శవం తెల్లవారేసరికి మెల్‌బోర్న్ యారా నదిలో తేలింది. చచ్చేముందు అతను పంపిన మెసేజ్ నాలుగే మాటలు: "సీసా మారుస్తారు. ఈరోజు. పదింటికి."

నిఘా విభాగం డైరెక్టర్ హార్టిగన్ గొంతు చించుకుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదుట కూర్చున్న ఏజెంట్ కీరా డన్‌స్టన్ పుట్టు చెవిటి, పెదవులు చదువుతుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదకూడదని ఆయన బుర్రకి ఇన్నేళ్లయినా ఎక్కలేదు.

"అరవకండి సార్. ఆ మీసాలు కత్తిరిస్తే చాలు," అంది కీరా.

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "పేషెంట్ టిల్లీ, మూడేళ్లు. వినపడదు. కోరలు పీకిన వైరస్ మీద మంచి జన్యువుని ఎక్కించి లోపలి చెవిలోకి పంపుతారు. మన ట్రయల్ చెడగొట్టి, అసలు మందు ఎత్తుకుపోవాలని ఫారిన్ ముఠా ప్లాన్."

"నకిలీది ఎక్కిస్తే?"

"వట్టి వైరస్ తొక్కలు. ఒళ్లు వాటి మీద పగపడుతుంది. తర్వాత అసలుది ఇచ్చినా తిప్పికొడుతుంది. ఆ పిల్లకి ఒక్కటే ఛాన్స్. లోపల మన మనిషి వెరీనా ఉంది, సైగల ఇంటర్‌ప్రెటర్. కోడ్ వర్డ్ 'నత్తగుల్ల'."

పరిశోధించే బుర్ర లేనివాళ్లకి దొంగిలించే చేతులు మాత్రం ఎప్పుడూ ఉంటాయి.

కీరా టిల్లీకి పిన్ని వేషంలో ఆసుపత్రికి వెళ్లింది. పిల్లని అప్పుడే థియేటర్‌లోకి తీసుకెళ్లారు. తల్లి కొలీన్ కూడా చెవిటిదే, బయట తలుపుకేసే చూస్తూ నిలబడింది. పక్కనే వెరీనా. ఎర్ర లిప్‌స్టిక్, ముత్యాలు, వార్డంతా సెంటు. కీరాని చూసి 'నత్తగుల్ల' అని సైగ చేసింది.

"నాకు భయంగా ఉందమ్మా," అని కొలీన్ చేతులు ఆడించింది.

"మా అమ్మానాన్నా చెవిటివాళ్లేనండీ, ఈ ఊళ్లోనే, ఫుట్‌స్క్రేలో పెరిగాను. నన్ను నమ్మండి," అని సైగచేసి, వెరీనా ఎడమచెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. కుడిచేతి వేళ్లతోనే అక్షరం అక్షరంగా టిల్లీ పేరు చెప్పింది. "పాపకేం కాదు."

కీరా ఒళ్లు మండింది. మెల్‌బోర్న్‌లో అక్షరాలు చెప్పాలంటే రెండు చేతులూ కావాలి. ఒంటిచేత్తో చెప్పేది అమెరికాలో. ఫుట్‌స్క్రే ఇంట్లో పెరిగిన పిల్ల చేతిలో టీ కప్పున్నా కింద పెట్టి మరీ చెబుతుంది. చెవిటివాళ్ల భాష లోకమంతా ఒకటే అనుకున్నారు, దీనికి సైగలు నేర్పి మనలోకి దూర్చిన ఆ ముఠా పంతుళ్లు, వెధవలు!

కీరా వెరీనా కోటు జేబులో చెయ్యి దూర్చింది. చల్లగా తగిలింది సీసా, లాగేసుకుంది. అసలుది ఇక్కడుంటే లోపలున్నది నకిలీ. గోడ గడియారంలో పది దాటేసింది.

"దీన్ని వదలకు!" అని వెరీనాని చూపిస్తూ కొలీన్‌కి సైగచేసి, సీసాతో థియేటర్‌లోకి పరుగెత్తింది. కొలీన్ వెరీనా జుట్టు పట్టుకుని కూలేసింది.

థియేటర్‌లో సర్జన్ కన్ను మైక్రోస్కోప్‌లో ఉంది. సూది టిల్లీ చెవిలోకి దిగుతోంది. మెషీన్ల రొదలో కీరా గొంతు ఎవరికీ వినపడలేదు. చెవిటివాళ్లు ఒకరినొకరు పిలిచే పద్ధతిలోనే ఆమె లైట్ల స్విచ్ ఆర్పి వెలిగించింది, మళ్లీ మళ్లీ.

సూది వెంట్రుకవాసిలో ఆగింది.

"ఎవత్తివే నువ్వు?" అని మండిపడ్డాడు సర్జన్.

"అసలు మందు ఇదిగో," అని సీసా ఎత్తి చూపించింది. సీలు చెదరలేదు. నంబరు సరిచూశాక అదే టిల్లీ చెవిలోకి వెళ్లింది.

బయట వెరీనా ఇంకా బుకాయిస్తూనే ఉంది. కీరా ఆమె చేతులకి బేడీలు బిగించింది.

"ఇప్పుడు రెండు చేతులూ ఒకచోటికొచ్చాయిగా," అంది, "చెప్పు, పిల్ల పేరేంటి?"