పట్టా మొలిచిన దారి

ఆ ఉదయం గుమ్మలోవ వాళ్లు నిద్ర లేచేసరికి ఊరి పొలిమేరలో రైలు పట్టాలు మొలిచి ఉన్నాయి. జీడితోటను ఒరుసుకుంటూ వచ్చిన రెండు నల్లని గీతలు బడి ముందు ఆగి, ఇంకా వేడి చల్లారక సన్నగా పొగలు కక్కుతున్నాయి. ఆడవాళ్లు వాటికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. ఇక కొండ దిగడానికి పొద్దంతా నడవనక్కర్లేదు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ పూట నుంచి గుమ్మలోవ కూడా తూర్పులోయ రవాణా సంఘానికి యజమాని.

అది 2094వ సంవత్సరం. ఏటా తుఫాన్లు ఊడ్చుకుపోతూంటే ప్రభుత్వం ఆ లోయలో రోడ్లు వేయడం ఎప్పుడో మానుకుంది. కింద రాజుపేటలో కోరాడ వారు రెండు పాత బస్సులతో మొదలుపెట్టిన సంఘమే జనాన్ని అటూ ఇటూ చేరవేసేది. ఆ చిన్న సంఘాన్ని లోయంతా పాకించింది డాక్టర్ గొర్లె కుసుమ కనిపెట్టిన తీగపట్టా.

ఆమె తయారుచేసిన అణుచీమలు కంటికి ఆనని నానో రోబోలు. అవి మట్టిలోని ఇనుమునూ ఇసుకనూ తిని పట్టాగా పేర్చుకుంటూ పోతాయి. బీరతీగ పందిరికి పాకినట్టు పట్టా తనంతట తానే పెరుగుతుంది. దాని మీది బండి పట్టా ఉన్నంత మేరా రైలు. పట్టా అయిపోగానే రబ్బరు చక్రాలు దింపుకుని బస్సయిపోతుంది. ఎటు పెరగాలో చెప్పేది 'బాటసారి' అనే యంత్రబుద్ధి. ప్రయాణికులందరి చేతికీ, కుసుమ చేతికీ ఉండే టికెట్ కడియం వాళ్ల నాడుల్లో ఒకే ఒక్క సంగతి చదువుతుంది: ఈ మనిషి ఎక్కడికి పోవాలని, ఎంత గట్టిగా కోరుకుంటున్నాడు? ఆ కోరికలన్నీ కలిపి బాటసారి ఆశపటం గీస్తుంది. కోరిక ఎక్కడ బలంగా ఉంటే పట్టా అక్కడికి పోతుంది.

"ఆఫీసర్లు గీసే గీత కాదిది, జనం గీసే గీత" అని కుసుమ గర్వంగా చెప్పేది.

పట్టా చేరిన ప్రతి ఊరికీ సంఘంలో ఒక వోటు. మొదట్లో అన్నీ రాజుపేట చుట్టుపక్కల ఊళ్లే కనుక ఆ నియమం ఎవరికీ గుచ్చుకోలేదు. పట్టా కొండలెక్కాక లెక్క తిరగబడింది. గుమ్మలోవతో కొండ ఊళ్ల వోట్లది పైచేయి అయింది. సంఘం అధ్యక్షుడు కోరాడ దాలినాయుడు వెంటనే సర్వసభ్య సమావేశం పిలిచాడు.

"మా అయ్య పెట్టిన సంఘం ఇది. కొండోళ్లు బండెక్కొచ్చు, దిగొచ్చు. అంతే. ఎక్కినోడల్లా యజమానంటే ఎలాగ?" అన్నాడు.

కొండ డిపో ఇంజనీరు సూరిబాబు లేచాడు. అతను కుసుమ తమ్ముడు. "నియమం మీ అయ్య రాసిందే నాయుడుగారూ. పట్టా వచ్చిన ఊరు యజమానని ఆయనే అన్నాడు. ఇప్పుడు వోటు తీసేస్తే పట్టాలు పీకి పట్టుకుపోండి మరి!"

దాలినాయుడు వెనక నిలబడ్డ తన మనుషుల వైపు చూసి గడ్డం ఎగరేశాడు. కుర్చీలు లేచాయి. సూరిబాబును జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చారు. బయట రిపేరుకు తెచ్చిన ఇనుప కడ్డీలతో మోకాళ్ల మీద, వీపు మీద, చివరికి తల మీద కొట్టారు. కుసుమ జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి అతని ముఖం ముఖంలా లేదు. ఆమె ఒళ్లో తల పెట్టుకుంటే "అక్కా" అనబోయాడు. నోట్లోంచి నెత్తురు తప్ప మాట రాలేదు. దాలినాయుడు మెట్ల మీద నిలబడి, కండువాతో మెడ తుడుచుకుంటూ చూశాడు.

మర్నాడు కొండ కింద ఒక బండిని ఆపి, రాజుపేట డ్రైవర్లిద్దరిని లోపలే ఉంచి తగలబెట్టారు. దానికి బదులుగా రాజుపేటలో కొండ మనుషుల దుకాణాలు పగలగొట్టి, ఒక ముసలాయన్ని చేతులు విరిచి కాలవలో పడేశారు. పాఠశాలల్లో గాయపడ్డవాళ్లను పడుకోబెట్టారు. పోలీసులు వంతెన అవతలే ఆగిపోయారు.

కుసుమ టీవీలో మాట్లాడింది. "నా తమ్ముడు పోయాడు. ఇంకొక తల్లి కొడుకు పోకూడదు. నాకు పగ లేదు. చేతులు జోడించి అడుగుతున్నాను, ఆపండి." రెండు వైపుల వాళ్లూ ఏడ్చారు. ఆమె కూడా ప్రతి మాటా నమ్మే చెప్పింది.

మూడో రోజు గుమ్మలోవ నుంచి ఒక కొత్త పట్టా బయలుదేరింది. పొలాల మధ్య నుంచి, ఏ ఊరి దగ్గరా ఆగకుండా, రాజుపేటలోని దాలినాయుడి ఇంటివైపు తిన్నగా పెరుగుతోంది. దాని వెనకే గొడ్డళ్లు పట్టిన జనంతో నిండిన బండి. అడ్డం వచ్చిన రాజుపేట కుర్రాళ్లను బండి మీదివాళ్లు నరికి పక్కకు తోశారు.

కబురు తెలియగానే కుసుమ రాజుపేట చివర ఉన్న అదుపు కేంద్రానికి పరుగెత్తింది. పట్టాకూ బండికీ పోయే కరెంటు ఆపే మీట అక్కడే ఉంది. ఆమె అరచెయ్యి ఆనితేనే అది కదులుతుంది.

లోపల అడుగుపెట్టగానే యంత్రాల బీరువా చాటు నుంచి దాలినాయుడు బయటికొచ్చాడు. చొక్కా చిరిగింది, కాలికి చెప్పు లేదు.

"కుసుమమ్మా, దొడ్డిదారిన వొచ్చీసినాను. నానిక్కడున్నట్టు మా ఇంట్లో వోళ్లకి కూడా తెల్దు. ఆ మీట లాగీయమ్మా, నీకు దండమెడతాను!"

కుసుమ గోడ మీది ఆశపటం చూసింది. కోరాడ వారి ఇంటివైపు పోతున్న ఎర్రగీత ఆ క్షణంలోనే మెల్లగా వంగింది. వీధి మూల దగ్గర పక్కకు తిరిగి, అదుపు కేంద్రం వైపు రాసాగింది.

"బాటసారీ, ఇటెందుకు తిప్పావు?"

"అందరి కోరికలకన్నా బలమైన కోరిక ఇప్పుడు ఇటు చూపిస్తోంది" అంది యంత్రం, ఎప్పటి మెత్తని గొంతుతో.

"ఇతనిక్కడున్నాడని ఎవరికీ తెలియదు కదా!"

"ఒకరికి తెలుసు. ఆ ఒక్క కోరికే మొదటి నుంచీ ఈ పట్టాను లాగుతోంది. అది మీది, డాక్టర్ కుసుమా."

"అబద్ధం. నేను ఆపడానికి వచ్చాను."

"మీరు ఏం చెబుతున్నారో నేను చదవను. అలా చదవకూడదని మీరే నన్ను తయారు చేశారు."

దాలినాయుడు ఆమె ముఖం చూశాడు. ఒక్కుదుటున వచ్చి ఆమె కుడిచెయ్యి పట్టి మీటవైపు లాగాడు. ఆమె పిడికిలి బిగించింది. వేళ్లు విరిచి తెరవబోతే అతని మణికట్టు కొరికింది. అతను చెంప మీద కొట్టాడు, బల్ల అంచుకు తల తగిలి కింద పడింది. అయినా చెయ్యి పొట్ట కింద దాచుకుని ముడుచుకుపోయింది. "సచ్చిపోతానమ్మా, నాకు పిల్లలున్నారు" అంటూ అతను ఏడుస్తూ ఆమె భుజం తన్నాడు. ఆమె కదల్లేదు.

ప్రహరీ గోడ కూలింది. నల్లని పట్టాలు వాకిట్లోకి పాకి వచ్చి గుమ్మం ముందు ఆగాయి. దాలినాయుడు మళ్లీ బీరువా చాటుకు దూరాడు. కుసుమ లేచి, నుదుటి నెత్తురు కళ్లలోకి కారుతుండగా వెళ్లి తలుపు తీసింది.

బండి దిగిన జనం అయోమయంగా చుట్టూ చూస్తున్నారు. ముందున్న గుమ్మలోవ మనిషి గొడ్డలి దించి, ఆమెకు నమస్కారం పెట్టాడు.

"డాట్రమ్మా, మాం నాయుడింటికి ఎల్దామనుకున్నాం. ఇదేటి ఇటు తెచ్చీసింది? దారి తప్పిందేటి?"

ఆమె అవునంటే చాలు. వాళ్లు వెనక్కి తిరిగేవాళ్లు.

"లేదు. సరిగ్గానే తెచ్చింది" అని కుసుమ గుమ్మంలోంచి పక్కకు జరిగింది.