ఆ పొద్దున బూట్ కాని ల్యాప్‌టాప్

నీటి పరీక్షల ల్యాబ్. సింక్ పక్కన కెమిస్ట్ వెల్లకిలా పడి ఉంది. తల కింద నెత్తురు గడ్డకట్టింది. చుట్టూ నీళ్లు. చెప్పు ఒకటి బల్ల కిందికి జారిపోయింది.

కాలు జారి పడిందనే అందరూ అన్నారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం సింక్ అంచు కేసి చూస్తూ ఉండిపోయాడు. పడితే తగలాల్సింది దానికే. దాని మీద మరకే లేదు.

"మీరెప్పుడు చూశారు?"

"ఎనిమిదిన్నరకి సార్," అన్నాడు ల్యాబ్ డైరెక్టర్. "అప్పటికే ప్రాణం పోయింది."

"ఈ ల్యాప్‌టాప్?"

"తనదే. అప్పుడు ఆన్‌లో ఉంది. ఊరి నీళ్ల రిపోర్ట్ తెరిచి ఉంది. అంతా బాగానే ఉందని రాసింది పాపం. నా కళ్లారా చదివాను. సాక్ష్యం చెడిపోతుందేమోనని నేనే ఆఫ్ చేశాను."

"అయితే నీళ్లు వదులుతున్నారా?"

"పదింటికి ఊరి కొత్త పైపులైన్ తెరవమని చెప్పేశాను సార్."

అప్పటికి తొమ్మిదీ ఇరవై.

సైబర్ సెల్ అమ్మాయి పవర్ బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. బూట్ చేయడానికి ఏమీ లేదని తెర మీద ఒక్క వాక్యం వచ్చి ఆగిపోయింది.

"డిస్క్ పోయిందా అమ్మా?"

"లేదు సార్. లినక్స్ ఉంది, కానీ ఎవరూ చదవకుండా ఆవిడ డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసేసింది. మెషిన్ మొదలవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు ఇందులో ఉంచలేదు. ఏదో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఉంటుంది. అది పెట్టి, పాస్‌వర్డ్ కొట్టాలి. రెండిట్లో ఏది లేకపోయినా ఇది ఉత్త ఇనప్పెట్టె."

హ్యాండ్‌బ్యాగ్ వెతికారు. సొరుగులు లాగారు. పెన్‌డ్రైవ్ లేదు.

బయట బెంచీ మీద కెమిస్ట్ భర్త కూర్చున్నాడు. కుడి చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు.

"జేబులో ఏముంది?"

అతను మెల్లగా చెయ్యి బయటికి తీశాడు. నల్లతాడుకి వేలాడుతూ పెన్‌డ్రైవ్.

"ఎక్కడిది?"

"తనదే సార్. ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. పొద్దున స్నానానికి వెళ్తూ తీసి, హడావుడిలో మర్చిపోయింది. ఇచ్చి వద్దామని బయల్దేరాను. దారిలో ఉండగానే ఫోనొచ్చింది."

"ఇందాకే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది. నా దగ్గరుందంటే నన్నే అనుమానిస్తారని."

"నేననుకుంటూనే ఉన్నాను," వెనక నుంచి డైరెక్టర్ అందుకున్నాడు. "మొగుడూ పెళ్లాలకి క్షణం పడేది కాదు సార్."

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరగలేదు.

"పాస్‌వర్డ్ తెలుసా?"

భర్త తలూపాడు. "రాత్రే చెప్పింది. నాకేమన్నా అయితే నువ్వే తెరవాలి అంది. నేను నవ్వేశాను సార్."

పెన్‌డ్రైవ్ పెట్టారు. తెర మీద పాస్‌వర్డ్ అడిగింది. భర్త మొదటిసారి తప్పు కొట్టాడు. రెండోసారి తెర నిండా అక్షరాలు పరిగెత్తాయి.

రిపోర్ట్ తెరుచుకుంది. నీళ్లలో సీసం. హద్దుకి ఎన్నో రెట్లు. ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు.

"సార్, లాగ్ చూడండి," అంది సైబర్ సెల్ అమ్మాయి. "నిన్న సాయంత్రం షట్‌డౌన్ చేసింది. ఆ తర్వాత బూట్ కావడం ఇదే మొదటిసారి."

ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్ వైపు తిరిగాడు.

"పెన్‌డ్రైవ్ ఇంట్లో ఉండిపోయింది. అది లేకుండా ఈ తెర మీద ఏ రిపోర్టూ రాదు. మీరు కళ్లారా చదివింది ఏమిటి?"

డైరెక్టర్ చూపు తలుపు కేసి పోయింది.

"ఆవిడ తల తగిలింది సింక్‌కి కాదు. ఎక్కడ తగిలిందో అక్కడ తుడిచేశారు. జారినట్టు కనబడాలని నేల మీద నీళ్లు పోశారు. అవునా?"

డైరెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. "సీసం సంగతి ఒక్క నెల ఆగి చెప్పమన్నాను. వినలేదు. వెళ్లిపోతుంటే తలుపుకి అడ్డొచ్చి తోశాను. అంతే."

తొమ్మిదీ నలభై ఎనిమిది. పంప్‌హౌస్ ఫోన్ చాలాసేపు మోగింది.

"లైన్ తెరవొద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అయ్యో, డైరెక్టర్ గారు తొందర పెడితే ఇందాకే వదిలేశాం సార్. ముందు స్కూలు వైపు."

"వెంటనే కట్టెయ్యండి."

ఆ మాట విన్న భర్త లేచి నిలబడ్డాడు. "మా పాప స్కూలు అటే," అని మాత్రం అన్నాడు.

జీపు బయల్దేరింది. కుళాయి నీళ్లు ఎవరూ తాగొద్దని మైకులో చెబుతూ వెళ్లారు. మొదటి మలుపులో బకెట్ నింపుకుంటున్న ఒకావిడ తలెత్తి చూసింది. రెండోసారి వినబడ్డాక కుళాయి కట్టేసింది.

పక్కింట్లో నీళ్లు పడుతున్న చప్పుడు ఇంకా ఆగలేదు.