ఏమంటోంది?

“వచ్చే వారం నువ్వు నాతో స్టేజీ ఎక్కొద్దమ్మా!”

కూతురి నోట ఆ మాట వినగానే తల్లి చేతిలోని దువ్వెన జారి కింద పడింది. ఇరవై రెండేళ్ళుగా ఆ పిల్లకి తల దువ్వింది ఆమే, తినిపించింది ఆమే, నడిపించింది ఆమే. అన్నిటికీ మించి ఆ పిల్ల మాటని లోకానికి అందించిందీ ఆ తల్లి నోరే! ఆ నోటినే ఇవాళ మూసుకోమంటోంది కూతురు...

పుట్టినప్పుడు సమయానికి ఊపిరి అందలేదు పాపం! దాంతో కాళ్ళూ చేతులూ చెప్పినట్టు వినకుండా పోయాయి. నాలుక తిరగదు. బుర్ర మాత్రం చురకత్తి! నోరు తెరిస్తే కొంటె మాటే. అందుకే ఇంట్లో అందరికీ ఆమె గడుగ్గాయి. ఆ కొంటెతనం పైవాళ్ళకి తెలిసేదెలా? వాళ్ళకి వినిపించేది ముద్దముద్దగా ఏదో శబ్దం. “ఏమంటోంది?” అని తల్లి ముఖం చూసేవారు. తల్లి చెప్పేది. ఆసుపత్రిలో, బడిలో, బట్టల కొట్లో, ఎక్కడికెళ్ళినా అదే వరస.

తల్లి బస్‌స్టాండులో అనౌన్సరు. గంట కొట్టినట్టుండే గొంతు ఆమెది. ఒక కాఫీ షాపు మేడ మీద ఆదివారం సాయంత్రాలు కుర్రకారు జోకులేసి జనాన్ని నవ్విస్తుంటే, తానూ నవ్విస్తానని కూతురు పట్టుబట్టింది. “నీ పక్కన నేను నిలబడతానే. నువ్వన్నది అన్నట్టు చెబుతాను” అని తల్లే ముందుకొచ్చింది. కూతురు అనడం, తల్లి తిరిగి చెప్పడం, జనం పగలబడి నవ్వడం! “మా అమ్మకి నా మాటలన్నీ అర్థమవుతాయి. అయినా ఒక్కటీ వినిపించుకోదు!” అని కూతురంటే, ఆ ముక్క తల్లి నోటితోనే చెప్పాల్సొచ్చేది. హాలు గొల్లుమనేది.

కానీ నిన్న కూతురు కొత్త జోకు వేసింది. “మా అమ్మ బస్‌స్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడుందో ఊరందరికీ చెబుతుంది. మా నాన్న ఎక్కడున్నాడో మాత్రం చెప్పలేదు!”

‘మా ఆయనకి దూరపు ఊళ్ళో ఉద్యోగం’ అని అందరి దగ్గరా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది తల్లి. ఎదురుగా ముందు వరసలో బస్‌స్టాండు వాళ్ళే కూర్చున్నారు! “మా అమ్మకి అన్ని బస్సులూ తెలుసు... మా నాన్న వచ్చే బస్సు కూడా తెలుసు” అని ఏదో అతికించి చెప్పేసింది. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. కూతురు తలెత్తి తల్లిని చూసిన ఆ చూపు రాత్రంతా ఆమెని నిద్రపోనివ్వలేదు.

“కన్నతల్లిని పట్టుకుని ఎంత మాటన్నావే!” వంటగదిలోంచి వచ్చి విరుచుకుపడింది పెద్దమ్మ. “నీ కోసం మా చెల్లి ఎలా అరిగిపోయిందో నేను చూడలేదా?”

“నువ్వాగు పెద్దమ్మా” అంది కూతురు. “అమ్మా, నువ్వు నా మాట మార్చింది నిన్నొక్క రోజేనా? బడిలో అందర్నీ సముద్రం దగ్గరికి తీసుకెళ్తుంటే టీచరడిగింది గుర్తుందా? నేను ‘నేనూ వస్తా’ అన్నాను. నువ్వేమో ‘అలసిపోతుందట, రాదట’ అన్నావు. కాదు కాదని అరిచానమ్మా! టీచరు మళ్ళీ నిన్నే అడిగింది, ఏమంటోందని. ‘మీకు థాంక్స్ చెబుతోంది’ అన్నావు!”

“అలల్లో పడిపోతావని భయమేసిందే తల్లీ... నీ మంచికేగా...”

“తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఊరుకున్నా. కానీ జోకు నాది. నాకంటూ ఉన్నది అదొక్కటే!”

తల్లి గుండెని కోస్తున్నది సముద్రం సంగతి కాదు. అంతకన్నా పెద్ద మాట ఒకటి మార్చింది ఆమె, చేతులారా! భర్త ఇల్లు వదిలి వెళ్ళిన రోజు, ఆ పసిదాని నోట వచ్చిన మాటని తలకిందులు చేసి చెప్పింది. అది ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ పిల్లకి గుర్తుండదని తనకి తాను సర్దిచెప్పుకుంటూ బతికింది. ఒకవేళ గుర్తుంటే? ఇక ఈ జన్మలో ఈ పిల్ల తన ముఖం చూస్తుందా?

ఆదివారం వచ్చింది. తల్లి చివరి వరసలో, గోడ పక్క కుర్చీలో కూర్చుంది. కూతురు కర్రల సాయంతో ఒక్కతే స్టేజీ ఎక్కింది. “నేను ఈ మెట్లెక్కేలోపు, నా ముందు జోకులేసినాయన పెళ్ళి చేసుకుని పిల్లల్ని కూడా కన్నాడు!” అంది. ఎవరికీ అందలేదు. మళ్ళీ అంది, నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి. ఈసారి ఇద్దరు ముగ్గురు నవ్వారు. పక్కవాళ్ళు వాళ్ళని అడిగి తెలుసుకుని నవ్వారు. లేచి వెళ్ళి పక్కన నిలబడాలని తల్లి తహతహలాడింది. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

“నాకు ఆరేళ్ళప్పుడు...” అని మొదలుపెట్టింది కూతురు. “మా నాన్న పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నన్నే అడిగాడు, వెళ్ళనా, ఉండనా అని. ‘ఉండు నాన్నా’ అన్నాను...” ఆ తర్వాతి మాటలు తొందరలో, దుఃఖంలో చిక్కుబడిపోయాయి. రెండోసారి చెప్పింది. హాలు మొహమాటంగా చూస్తోంది.

పక్క కుర్చీలో డ్యూటీ బట్టల్లోనే వచ్చిన నర్సు ఒకామె ఇటు తిరిగింది. “మీరు వాళ్ళమ్మగారు కదూ? చివరి ముక్క అందలేదండీ. ఏమంటోంది?”

ముందు వరసలవాళ్ళూ వెనక్కి తిరిగారు. స్టేజీ మీద కూతురు ఆగిపోయింది. తల్లినే చూస్తోంది... వద్దనలేదు, చెప్పమనలేదు. ఒక్క అబద్ధం చాలు, అంతా సర్దుకుపోతుంది! ఆ అబద్ధం తల్లి నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

తల్లి లేచి నిలబడింది. బస్‌స్టాండంతా వినిపించే ఆ గొంతుతోనే, కూతురన్నది అన్నట్టు చెప్పింది. “‘ఉండు నాన్నా’ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఏమంటోందని అమ్మని అడిగాడు. ‘వెళ్ళమంటోంది’ అంది అమ్మ. వెళ్ళిపోయాడు. మా నాన్న నా మాట విన్నది జన్మలో అదొక్కసారే... అదీ నేను అనని మాట!”

ముందు ఎవరో ఒకరు నవ్వారు, ఆ వెనకే హాలంతా నవ్వింది. నర్సు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తల్లి మాత్రం నవ్వలేదు.

కార్యక్రమం అయ్యాక మెట్ల దగ్గర కూతురి చేతులు పట్టుకుని బావురుమంది. “నీకు గుర్తుందా తల్లీ! ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నావా! వదిలిపోయేవాణ్ణి నా బిడ్డ బతిమాలడమేమిటని ఒళ్ళు మండి అలా అనేశానే... నేను ఉన్నదున్నట్టు చెప్పుంటే ఉండేవాడేమో!”

“ఆయన ప్యాంటు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చానమ్మా నేను. దానికి కూడా ఎవరో అర్థం చెప్పాలా?” అంది కూతురు. “ఉండేవాడైతే ఏమంటోందని నిన్నెందుకు అడుగుతాడు?”

తల్లి ఆ పిల్ల భుజం మీద తల వాల్చి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఇన్నేళ్ళలో కూతురు ఆమెని ఓదార్చడం అదే మొదలు.

అంతలో కార్యక్రమం నడిపే కుర్రాడు పరుగున వచ్చాడు. “వచ్చే వారం మొదట ఎక్కుతుందా, చివర ఎక్కుతుందా? కాస్త అడిగి చెప్పండమ్మా!” అన్నాడు.

అలవాటు కొద్దీ తల్లి నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. “ఎదురుగానే ఉంది కదా బాబూ, దాన్నే అడుగు” అంది.

అతను కూతురి వైపు వంగి అడిగాడు. ఆ పిల్ల జవాబు చెప్పింది. అతనికి అందలేదు. మళ్ళీ చెప్పింది. అతను ఇంకాస్త దగ్గరికి వంగాడు. తల్లికి మొదటి ముక్కకే అర్థమైంది... పెదాలు బిగించుకుంది. “చివరే! నేను ముందెక్కితే మిగతావాళ్ళ జోకులకి నవ్వేదెవరు?” అన్నది మూడోసారికి అతనికి అర్థమైంది. పకపకా నవ్వాడు.

తల్లి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వులో తన గొంతు ఎక్కడా లేదు.